మా అత్త వీధంతా "నాకు కూడు పెట్టలేదు" అంటోంది. జబ్బు సంగతి నలుగురికీ చెప్పాలా, దాచాలా?

ఎర్రముక్కపల్లి_కోడలు
మా అత్తకు 74. మరుపు మొదలై చాలా రోజులే అయింది. పోయినేడు తిరుపతిలో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు. డోనెపెజిల్ వాడుతున్నాం. నేను అడిగేది మందుల గురించి కాదు.

పొద్దున ఇడ్లీ పెడతా. తినేసి, చేయి కడుక్కొని వీధరుగు మీదికి పోయి కూర్చుంటుంది. ఎదురింటామె ముగ్గు వేస్తుంటే "నిన్నటి నుంచి కడుపులో మెతుకు లేదమ్మా, నా కోడలు కూడు పెట్టదు" అంటుంది. అప్పటికింకా మూతికి చట్నీ అంటుకొనే ఉంటుంది. ఎదురింటామె పాపమని గిన్నెలో అన్నం, పప్పు తెచ్చిపెడుతుంది. మా అత్త అదీ తింటుంది. షుగర్ ఉన్న మనిషి. మధ్యాహ్నానికి మూడొందలు దాటుతుంది.

మొన్న కిరాణా కొట్టాయన నా మొహం మీదే అన్నాడు, "పెద్దోళ్లను బాగా చూసుకోవాలమ్మా, రేపు మనకూ ఆ వయసు వస్తుంది" అని. చుట్టూ నలుగురున్నారు. పెరుగు ప్యాకెట్ కౌంటర్ మీద పెట్టేసి వచ్చేశా.

చెప్పేద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. పాపకు సంబంధాలు చూస్తున్నాం, "వాళ్లింట్లో పిచ్చి ఉంది" అని పేరు పడుతుందంటాడు. ఆడబిడ్డ బెంగళూరు నుంచి ఫోన్ చేసి "అమ్మ నాతో బాగానే మాట్లాడిందే, మీరే టెన్షన్ పడుతున్నారు" అంటుంది.

చెప్పినవాళ్లు ఎవరన్నా ఉంటే ఎట్లా చెప్పారో, చెప్పినాక ఏమైందో రాయండి. దాచినవాళ్లు కూడా రాయండి.

ఉగ్గానిబజ్జి
ఆ ఆడబిడ్డ అందరి ఇళ్లలోనూ ఉంటుందక్కా. మా ఇంట్లో ఆ పాత్ర మా చిన్నాయనది, అమెరికా బ్రాంచి. వీడియో కాల్‌లో నాడి చూసి మందులు మార్చమంటాడు. పది నిమిషాలు ఫోన్లో ఎవరైనా బాగానే మాట్లాడతారు. మీ అత్తను ఒక వారం బెంగళూరు పంపు. సలహాలు వాటంతటవే ఆగిపోతాయి.

పెద్దమనిషి_పొద్దుటూరు
వద్దు. పాప పెళ్లి అయ్యేదాకా నోరు మెదపొద్దు. మన ఊళ్ల సంగతి మీకు తెలియనిదా? జబ్బు పేరు ఇంగ్లీషులో చెబితే విన్నవాడు పక్కవాడికి పిచ్చి అనే చెబుతాడు. కిరాణా కొట్టువాడు నాలుగు రోజులు ఏదో అంటాడు, మరిచిపోతాడు. సంబంధం తప్పితే మళ్లీ రాదు. ఇంకొకటి, ఆస్తి ఎవరి పేరున ఉంది? ఆమెకు మతి లేదని ఊరంతా సాక్ష్యం పలికితే, రేపు ఆమె పెట్టే సంతకం దేనికీ పనికిరాదు.

జేజినాయన_మనవడు
పెద్దమనిషి గారితో నేను ఏకీభవించను.

మా జేజినాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మాది అనంతపురం. తెల్లారి నాలుగుకే లేచి, ఖాకీ చొక్కా వేసుకొని, డ్యూటీ ఉందని బయల్దేరేవాడు. గేటుకు తాళం వేస్తే కొట్టేవాడు. నిజంగానే కొట్టేవాడు, మా నాయన చేతికి కట్టు కూడా కట్టారు. అప్పుడు మా నాయనే పోయి బస్టాండులో కంట్రోలర్‌కు, టీ అంగడి ఆయనకు, అక్కడి ఆటోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆయన వస్తే కూర్చోబెట్టండి, నాకు ఫోన్ కొట్టండి, ఏ బస్సూ ఎక్కనీయొద్దు."

ఆ తర్వాత జేజినాయన రోజూ పోయేవాడు. కంట్రోలర్ ఆయనకు పాత చార్టు ఒకటి చేతికిచ్చి "అన్నా, నీ బండి గ్యారేజీలో ఉంది, రెడీ అయితే చెబుతా" అనేవాడు. జేజినాయన బెంచీ మీద కూర్చొని టీ తాగి, వచ్చే పోయే బస్సులను చూసి, ఎవరు బ్రేకు గట్టిగా కొట్టారో తిట్టుకుంటూ ఉండేవాడు. ఎనిమిదింటికి మా నాయన పోయి తీసుకొచ్చేవాడు. చెప్పకుండా ఉండుంటే ఏ రోజో తాడిపత్రి బస్సెక్కి పోయేవాడు.

ఎర్రముక్కపల్లి_కోడలు
కంట్రోలర్ సారుకు దండం. మాకు బస్టాండు లేదు, అరుగే ఉంది. పాపకు కూడా వస్తుందా అని సంబంధంవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

న్యూరో_పీజీ
ముందు వంశపారంపర్యం సంగతి. డెబ్బైల్లో మొదలయ్యే అల్జీమర్స్ తల్లి నుంచి బిడ్డకు నేరుగా దిగే జబ్బు కాదు. దగ్గరి రక్తసంబంధీకులకు రిస్కు కొంత ఎక్కువ, అంతే. బీపీ, షుగర్ విషయంలోనూ అంతే కదా, వాటి గురించి ఏ సంబంధంవాళ్లూ అడగరు. ఒకే ఒక జన్యువు లోపం వల్ల కుటుంబంలో వరసగా వచ్చే రకం ఉంది కానీ అది చాలా అరుదు, సాధారణంగా 65 లోపే మొదలవుతుంది. మీ అత్తది అది కాదు.

60 దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) ఉందని, అంటే దేశంలో దాదాపు 88 లక్షల మంది ఉన్నారని 2023లో వచ్చిన అంచనా. మీ వీధిలో ఇంకో ఇంట్లో కూడా ఉండే ఉంటారు. వాళ్లూ దాచుకుంటున్నారు.

ఇక అన్నం సంగతి. ఆమె అబద్ధం చెప్పడం లేదు. కొత్త జ్ఞాపకాన్ని పట్టి ఉంచే భాగం, హిప్పోకాంపస్, ఈ జబ్బులో ముందే దెబ్బతింటుంది. ఇడ్లీ తిన్న సంగతి అక్కడ నిలవనే లేదు. "ఇప్పుడే తిన్నావు కదా" అంటే ఆమె దృష్టిలో అబద్ధమాడుతున్నది మీరే. వాదించొద్దు. "స్టవ్ మీద ఉంది, అయిదు నిమిషాల్లో పెడతా" అనండి. రెండు ఇడ్లీలు ఒకేసారి కాకుండా ఒకటి ఎనిమిదికి, ఒకటి తొమ్మిదిన్నరకు. తిన్న పళ్లెం వెంటనే తీయకుండా ఎదురుగా కాసేపు ఉంచి చూడండి, కొందరికి పనిచేస్తుంది.

సీమ_పెద్దోడు
ఇవన్నీ స్కానింగులోళ్లు పుట్టించిన జబ్బులు. మా అవ్వకు కూడా ఇట్లే ఉండె. ముసలితనం అనుకున్నాం, సరిపాయె. సరస్వతి ఆకు, నానబెట్టిన బాదం పప్పు పెట్టండి. రోజూ సంగటి తిన్నోళ్లకు ఇవి రావు.

ఉగ్గానిబజ్జి
మా నాయన పుట్టినప్పటి నుంచి సంగటే తిన్నాడు పెద్దోడా. ఇప్పుడు సంగటి ముద్దను చూసి "ఇదేంది?" అని అడుగుతున్నాడు.

కొండారెడ్డి_బురుజు
ముసలితనం అని వదిలేయడం మీద నాకు కోపం ఎందుకో చెబుతా. మా మామ కర్నూల్లో డాబా మెట్ల మీద జారి పడ్డాడు. తలకు చిన్న బొప్పి కట్టింది, అంతే. నెల దాటినాక మాట తడబడటం మొదలైంది, నిద్ర ఎక్కువైంది, బాత్రూం అనుకొని బీరువా తలుపు తీసేవాడు. ఇంట్లో అందరూ "వయసు, వయసు" అన్నారు. మా బావమరిది మొండిగా సీటీ తీయిస్తే పుర్రెకూ మెదడుకూ నడుమ రక్తం గడ్డకట్టి ఉంది. ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పుడు పేకాటలో నన్ను ఓడించి డబ్బులు వసూలు చేస్తున్నాడు.

న్యూరో_పీజీ
దాన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే వస్తుంది, వారాల తర్వాత బయటపడుతుంది. అందుకే మరుపు అనగానే డిమెన్షియా ముద్ర వేయకూడదు. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, సోడియం పడిపోయినా, డిప్రెషన్ ఉన్నా అచ్చం ఇట్లాగే కనిపిస్తుంది. వీటికి వైద్యం ఉంది. రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారిపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్ చూడండి. జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. అయోమయం రెట్టింపవుతుంది.

బాదం పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. దాంతో పాటు చెవులు కూడా చూపించండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో డిమెన్షియాకు మార్చుకోగలిగిన కారణాలు 14 చెప్పింది. వినికిడి తగ్గడం అందులో ఒకటి. బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం కూడా ఉన్నాయి. కొత్తగా చేర్చినవి చూపు తగ్గడం, చెడు కొలెస్ట్రాల్. ఇవన్నీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని వాళ్ల లెక్క.

సీమ_పెద్దోడు
చెవులు నాకూ సరిగా వినపడవు. చూపించుకుంటా.

పెద్దదర్గా_గల్లీ
కోడలు అక్కా, మాది కూడా కడపే. మా అబ్బాజాన్‌కు ఆరేళ్లుగా ఈ జబ్బు. మేము దాచలేదు, దాచే వీలే లేకపోయింది. నమాజుకు పోయి పక్కవాళ్ల చెప్పులేసుకొని వేరే గల్లీకి పోయేవాడు. మా అన్న జుమ్మా అయినాక మసీదు బయట నిలబడి పెద్దల ముందు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన చేయి పట్టుకొని ఇంటికి తీసుకురావడం గల్లీ పిల్లల పని. అరటిపండ్లో, చాక్లెట్లో ఇస్తాం. ఇప్పుడు ఎవరు తీసుకురావాలో అని కొట్లాడుకుంటున్నారు.

మీకు ఒక ఉపాయం. ఎదురింటామె మంచి మనిషే, ఆకలి అంటే పెడుతోంది. ఆమెను ఆపొద్దు. మీరే ఒక డబ్బాలో కీరా ముక్కలు, మజ్జిగ సీసా పొద్దున్నే ఆమె ఇంట్లో పెట్టండి. మీ అత్త అడిగినప్పుడు ఆమె ఆ డబ్బానే ఇస్తుంది. మీ అత్తకు పక్కింటివాళ్లు పెట్టిన తృప్తి, షుగర్ పెరగదు. డబ్బా ఇచ్చేటప్పుడు ఎట్లాగూ కారణం చెప్పాలి కదా, మాట అక్కడ మొదలవుతుంది. ఊరంతటికీ ఒకేసారి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. అబ్బాజాన్ తెలుగు బడిలో చదువుకున్నాడు, తెలుగులో పద్యాలు కూడా పాడేవాడు. ఇప్పుడు తెలుగు పోయింది, ఉర్దూ ఒకటే మిగిలింది. డాక్టరు తెలుగులో ప్రశ్నలేసి "ఏమీ చెప్పలేకపోతున్నాడు" అని రాసుకున్నాడు. నేను పక్కన నిలబడి ఉర్దూలో అడిగితే సగం చెప్పాడు.

న్యూరో_పీజీ
మేడం, అది చాలా ముఖ్యమైన సంగతి. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం తరచుగా చూస్తాం. పరీక్ష ఇంటి భాషలోనే జరగాలని మీరు పట్టుబట్టండి.

ఈ భాషల మీద మన తెలుగు గడ్డ మీదే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

ఉగ్గానిబజ్జి
అయితే కడపోళ్లకు తెలుగు, ఉర్దూ. మా హిందూపురం చుట్టాలకు తెలుగు, కన్నడం. ఆదోనివాళ్లకు మూడూ. సీమ మొత్తానికి నాలుగున్నరేళ్లు బోనస్. సంగటి కాదు పెద్దోడా, భాష!

పెద్దమనిషి_పొద్దుటూరు
నవ్వులాట సరే. నేనడిగిన ఆస్తి సంగతికి ఎవరూ జవాబివ్వలేదు.

తుంగభద్ర_తీరం
నేను ఇస్తాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఇట్లాంటి కుటుంబాలను కౌంటర్ అవతలి నుంచి చాలానే చూశాను.

జబ్బు పేరు నలుగురికీ తెలిసినంత మాత్రాన సంతకం చెల్లకుండా పోదు. ఆ రోజు, ఆ కాగితం మీద ఏముందో ఆమెకు అర్థమైందా లేదా అన్నదే ప్రశ్న. వీలునామాకైతే 1925 వారసత్వ చట్టం 59వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. రాసే సమయంలో మతి స్థిమితంగా ఉంటే చాలు. కాబట్టి రాయదలుచుకుంటే జబ్బు తొలిదశలోనే, అదే రోజు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకొని, రిజిస్టరు చేయించుకోవడం మంచిది. ఎవరూ చూడకుండా చేసిన కాగితాలే కోర్టులో ఎక్కువగా దెబ్బతింటాయి.

చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ చేయించుకొని ధైర్యంగా ఉంటారు. ఇచ్చిన మనిషికి మతి పోతే అది రద్దవుతుంది. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. అంటే అవసరం పడే రోజుకు అది పనికిరాదు. ఆ దశ దాటితే కోర్టు ద్వారా గార్డియన్‌గా నియమింపజేసుకోవాలి, దానికి టైం పడుతుంది. అందుకని ఇప్పుడే ఖాతాను జాయింటుగా మార్చండి, నామినీలు రాయించండి.

కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఉంటే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు ఆమెను బ్యాంకుకు ఈడ్చుకుపోనక్కర్లేదు. జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ సేవ ఉంది, ఫోన్లో ముఖం చూపిస్తే అయిపోతుంది. 80 దాటినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఫోనుకు లింకైన ఖాతాలో ఎక్కువ డబ్బు ఉంచకండి. "డిజిటల్ అరెస్టు" అంటూ ఫోన్లు చేసే మోసగాళ్లకు మరుపున్న మనిషే కావాలి.

పెద్దమనిషి_పొద్దుటూరు
సార్ చెప్పింది విన్నాను. ఆస్తి విషయంలో సరే. పెళ్లి విషయంలో నా మాట మార్చను. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉన్న తండ్రి బాధ వేరు.

నిద్రలేదు
రాత్రి రెండున్నరకు రాస్తున్నా. పక్క గదిలో మా ఆయన సోఫా జరుపుతున్నాడు. రోజూ ఇదే.

మా ఆయనకు 57. కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. మతిమరుపుతో మొదలు కాలేదు. మనిషి మారిపోయాడు. పెళ్లిలో వడ్డన కాకముందే పక్కవాళ్ల విస్తరిలో ఓళిగ తీసుకొని తిన్నాడు. క్లాసులో ఆడపిల్లలను అనరాని మాట అన్నాడు. ప్రిన్సిపాల్ పిలిపించి తాగి వస్తున్నాడా అని నన్ను అడిగాడు. ఆయన జన్మలో తాగలేదు. సైకియాట్రీ అన్నారు, మందులు మార్చారు, చివరికి బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అని తేల్చారు.

కోడలు గారు, మీరడిగింది చెప్పినాక ఏమైందని కదా. అందరూ మంచోళ్లయిపోయారని రాయలేను. మా అపార్టుమెంట్‌లో నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పా. కొన్ని ఇళ్లవాళ్లు పిల్లలను మా అంతస్తుకు పంపడం మానేశారు. మా తోడికోడలు శుభకార్యాలకు "నువ్వొక్కదానివే రా" అంటుంది. నేనొక్కదాన్నే ఎట్లా పోతాను, ఆయన్ను ఎవరు చూస్తారు? కానీ కింద ఇస్త్రీ చేసే ఆయన ఉన్నాడు. రోజూ సాయంత్రం మా ఆయన ఆయన బండి దగ్గర నిలబడి మడత పెట్టిన బట్టలు లెక్కపెడతాడు. ఆయన విసుక్కోడు. "సార్, లెక్క తేలిందా?" అంటాడు. ఆ అరగంటలో నేను తలకు నీళ్లు పోసుకుంటా.

వచ్చే సాయం మనం అనుకున్నవాళ్ల నుంచి రాదు. అయినా చెప్పకపోతే ఆ ఇస్త్రీ ఆయన కూడా నాకు దొరికేవాడు కాదు.

మగ్గం_ధర్మవరం
అమ్మా, నిద్రపోండి వీలైతే.

న్యూరో_పీజీ
ఎఫ్‌టీడీ, అదే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే జబ్బు. ఎక్కువగా 45, 65 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు పొగరు అనుకుంటారు, బయటివాళ్లు తాగుడు అనుకుంటారు. అనవసరంగా తిరిగిన నెలలు మీ ఒక్కరికే కాదు మేడం. మీకోసం రెండు నంబర్లు. మానసిక సాయం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. అది రోగికే కాదు, చూసుకునేవాళ్లకు కూడా. పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ 14567.

తుంగభద్ర_తీరం
నిద్రలేదు గారూ, సందర్భం కాదేమో కానీ, ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే డిమెన్షియా వైద్య ఖర్చుకు మినహాయింపు ఉంది (1961 చట్టంలో అది 80డీడీబీ సెక్షన్). 40 శాతం వైకల్యం ఉందని న్యూరాలజిస్టు రాసివ్వాలి. పరిమితి 40 వేలు, రోగి సీనియర్ సిటిజన్ అయితే లక్ష.

నిద్రలేదు
సందర్భమే సార్. థాంక్స్.

కొత్త_సభ్యుడు_నంద్యాల
అన్నీ చదివా. ఇంత కష్టమెందుకు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "మా అత్తగారికి అల్జీమర్స్, ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి" అని ఒక్క మెసేజ్ పెడితే పోలా?

పెద్దదర్గా_గల్లీ
పోదు. గ్రూపులో మూడు వందల మంది ఉంటారు. ఒంటి మీద బంగారంతో దారి తెలియకుండా తిరిగే ముసలామె ఫలానా ఇంట్లో ఉందని దొంగలకు కూడా చెప్పినట్టే. పైగా ఆ ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో. ఆమెకూ పరువుంది. అరుగు మీద నుంచి కనిపించే ఇళ్లకు, పాలాయనకు, ఆటో స్టాండుకు చెబితే చాలు.

కొండారెడ్డి_బురుజు
బంగారం మాట వచ్చింది కాబట్టి, గాజులు తీసి రోల్డ్ గోల్డ్‌వి వేయండి. మా పెద్దమ్మకు వేశాం. వెంటనే "నా గాజులు కోడలు కాజేసింది" అన్న కేసు కూడా మొదలైంది, అది వేరే కథ.

మెడలో కార్డు వేస్తే పీకి పారేస్తారు. జాకెట్ లోపలి వైపు ఫోన్ నంబరు కుట్టించండి. కనపడకపోతే వెంటనే 112కు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు, ఎవరైనా చెబితే నమ్మకండి.

కొత్త_సభ్యుడు_నంద్యాల
దొంగల సంగతి ఆలోచించలేదు. గ్రూపు వద్దులే.

మగ్గం_ధర్మవరం
నా వంతు. మా అమ్మ సాయంత్రం అయిందంటే "మా ఊరికి పోతా, మా నాయన ఎదురు చూస్తాంటాడు" అని మూట కడుతుంది. తాత పోయి నలభై ఏళ్లు దాటింది. పోయాడని చెబితే ఆ క్షణమే పోయినట్టు ఏడుస్తుంది. ఇప్పుడు చెప్పడం మానేశాం.

మేము చేసేది ఒకటుంది. ఆమె వయసులో ఉన్నప్పుడు రాట్నం మీద కండెలు చుట్టేది. చేయి మాత్రం మరిచిపోలేదు. దీపాలు పెట్టే వేళకు ముందే లైట్లన్నీ వేసి, రాట్నం ముందు కూర్చోబెడతా. "అమ్మా, రేపు చీర దించాలి, కండెలు తక్కువైనాయి" అంటా. మూట పక్కన పెడుతుంది. పట్టు ఇవ్వను, ఇస్తే రాత్రంతా చిక్కు తీసుకుంటూ నేను కూర్చోవాలి. మిగిలిపోయిన నూలు ఇస్తా. ఎంత బాగా చుట్టిందో మెచ్చుకోవాలి, లేకపోతే కూలి అడుగుతుంది. కూలి అడిగినా ఇస్తా. పది రూపాయల నోటు బొడ్లో దోపుకుంటుంది, మరుసటి రోజు అదే నోటు మళ్లీ ఇస్తా.

కూటికి కష్టమైన ఇంట్లో పగలంతా ఒక మనిషి కాపలా కూర్చోలేడు. మాకు పక్క మగ్గాలవాళ్లే కాపలా. రాట్నం చప్పుడు ఆగితే వాళ్లే తొంగి చూస్తారు.

ఉగ్గానిబజ్జి
మగ్గం అన్నా, ఆ పది రూపాయల నోటు ఐడియా ఎత్తేస్తున్నా. మా నాయన కూడా అప్పు వసూలుకు పోతానంటున్నాడు. ఎవరికి ఇచ్చాడో తెలిస్తే నేనే పోయేవాణ్ని.

ఎర్రముక్కపల్లి_కోడలు
వారం అయింది, ఏమైందో రాయకపోతే బాగుండదు.

డబ్బా ఉపాయం చేశా. ఎదురింటామెకు వంటింట్లో కూర్చొని చెప్పా. ముందు నమ్మలేదు. "బాగానే మాట్లాడుతుందే" అంది, మా ఆడబిడ్డ మాటే. "రేపు పొద్దున్నే రా, ఆమె తినేటప్పుడు చూడు" అన్నా. వచ్చింది. మా అత్త ఇడ్లీ తిని, చేయి కడుక్కొని, వచ్చినామె వైపు తిరిగి కూడు పెట్టలేదని మొదలుపెట్టింది. ఆమె నా మొహం చూసింది. ఇప్పుడు డబ్బా వాళ్లింట్లోనే ఉంటుంది. షుగర్ కొంచెం దారికొచ్చింది.

కిరాణా కొట్టాయనకు కూడా చెప్పా. "జబ్బయితే ఆస్పత్రిలో పెట్టాలి గానీ వీధిలో కూర్చోబెడతారా" అన్నాడు. ఆయనతో ఇక లాభం లేదు, పెరుగు వేరే కొట్లో తెస్తున్నా. పక్క వీధి ఆమె అది అంటుకుంటుందా అని అడిగింది.

మా ఆయనకు నేను చెప్పిన సంగతి తెలిసింది. మాట్లాడటం లేదు. పాపే "నేను చూసుకుంటా, ఆ మాటకు వెనక్కి పోయే సంబంధం నాకొద్దు" అంది. పెద్దమనిషి గారు కోప్పడొద్దు, అది పాప మాట.

ఆడబిడ్డ దసరాకు వస్తోంది. పది రోజులు ఉంటుందట.

ఉగ్గానిబజ్జి
పది రోజులూ నువ్వు పుట్టింటికి పో అక్కా. ఉగ్గాని బజ్జీ తిను, ఫోన్ స్విచాఫ్ చేయి.

పెద్దమనిషి_పొద్దుటూరు
కోపమేమీ లేదు తల్లీ. పాప ధైర్యానికి మెచ్చుకుంటున్నా. సంబంధం కుదిరితే ఇక్కడ రాయి.

జేజినాయన_మనవడు
మనవాళ్లు సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం అని బ్యానరు పట్టుకొని ర్యాలీ తీస్తారు, 22న ఎవరూ ఉండరు. ఏఆర్‌డీఎస్‌ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) అని 1992లో కేరళలో మొదలైన సంస్థ ఉంది, హైదరాబాదులో శాఖ ఉంది. సమాచారం కావాలంటే అడగొచ్చు. కానీ హైదరాబాదు మనకు దగ్గరా? మన సీమ ఊళ్లవాళ్లం ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. నెలకొకసారి కడపలోనో, అనంతపురంలోనో కూర్చుంటే?

నిద్రలేదు
మంచిదే. కానీ మనం కూర్చుంటే ఇంట్లో వాళ్లను ఎవరు చూస్తారు? నాకు అదే తెగడం లేదు.

పెద్దదర్గా_గల్లీ
తీసుకొనే రండి. మా అన్నకు ఒక స్కూలు తెలుసు, ఆదివారం ఖాళీ. నేల అంతస్తు, గేటుకు గడియ ఉంది, కూర్చొనే టాయిలెట్ ఉంది. మా గల్లీ పిల్లలు కూడా వస్తారు, వాళ్లకు అలవాటే. మీ ఆయనకు లెక్కపెట్టడానికి బెంచీలు బోలెడు.

మగ్గం_ధర్మవరం
రాట్నం నేను తెస్తా. ధర్మవరం నుంచి రైలుంది.

న్యూరో_పీజీ
డ్యూటీ లేకపోతే వస్తా. రిపోర్టుల ఫైళ్లు తెచ్చుకోండి, వాడే మాత్రల స్ట్రిప్పులు కూడా. చీటీ మీద రాసినవి కాదు, ఇంట్లో నిజంగా వేస్తున్నవి.

ఎర్రముక్కపల్లి_కోడలు
టిఫిన్ నాది. షుగర్ ఉన్నవాళ్లు ఎంతమందో ముందే చెప్పండి, టీ చక్కెర లేకుండా పెడతా.

సీమ_పెద్దోడు
నాకు షుగర్ లేదు. చక్కెర వేసిన టీ ఒకటి పక్కన పెట్టించు. చెవి మిషన్ వచ్చింది, కాబట్టి నన్ను పిల్చేటప్పుడు గట్టిగా అరవొద్దని అందరికీ చెప్పు.